ఓడ కాగితంలో ఒక ఊరు, ఒక పేరు



ఛందస్సు, వ్యాకరణం, శతకాలు అంటూ నాకు చేతనైన సంగతులే ఇంతకాలం రాస్తూ వచ్చాను. ఈసారి నా పొలిమేర దాటి చరిత్రలో వేలు పెడుతున్నాను. చరిత్ర చదివిన మిత్రులు తప్పులుంటే మన్నించి సరిదిద్దగలరు. ఇందుకు కారణం ఒక కాగితం.

నా పాత శిష్యుడొకడు కెనడాలో, టొరాంటో నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. నిడదవోలు బడిలో నా దగ్గర ఆమ్రేడితసంధి తప్పు చెప్పి గోడకుర్చీ వేసిన వాళ్ళలో వాడొకడు. ఆ సంగతి ఇద్దరమూ మరచిపోలేదు. మొన్న సంక్రాంతి ముందు వాడు ఒక ఫొటో పంపి, "మాస్టారూ, మా పక్కింటి ముసలావిడ ట్రినిడాడ్ నుంచి వచ్చినావిడ. వాళ్ళ ముత్తాత ఓడ కాగితం ఇది. ఇందులో ఊరి పేరు, మనిషి పేరు మీకేమైనా తెలుస్తాయేమో చూడండి" అని రాశాడు.

కళ్ళజోడు తుడుచుకుని చూశాను. ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ళలో మద్రాసు రేవులో కూలీల డిపోవారు ఇచ్చిన చీటీ అది. అచ్చువేసిన గళ్ళలో సిరాతో నింపారు. ఓడ పేరు, వరుస సంఖ్య, మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటిమీది గుర్తులు. ఆప్తులు ఎవరని అడిగిన గడిలో తల్లి అని మాత్రం ఉంది. ఆమె పేరు లేదు. కులం గడి నిన్న రాసినంత స్పష్టంగా ఉంది. ఊరి గడి మీద మాత్రం తడి తగిలి అక్షరాలు అలుక్కుపోయాయి. మొదటి మూడు ఇంగ్లీషు అక్షరాలు 'పెన్' అని చదవవచ్చు. జిల్లా అన్నచోట 'కిస్ట్నా' అని ఉంది. తాలూకా గడిలో మొదటి అక్షరం 'టీ' అనిపిస్తుంది, ఆపైన మరక.

ఈ చీటీని అర్థం చేసుకోవడానికి నాలుగు నెలలపాటు దొరికినవన్నీ చదివాను. చదివినకొద్దీ ఇటువంటి కాగితాల వెనక ఉన్న ప్రపంచం ఎంత పెద్దదో, అందులో మన తెలుగువారి జాడ ఎంత సన్ననిదో తెలిసివచ్చింది. అదే మీతో పంచుకోవాలని ఈ ప్రయత్నం.

కరీబియన్ దీవుల పాత దస్తావేజులన్నింటికీ మూలం చెరకు. చెరకు తోటలకు ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చారు. బానిస ఆస్తి గనుక ఆస్తికి లెక్క కావాలి. 1807లో బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని నిషేధించిన తరువాత, దొంగతనంగా కొత్తవారిని తెస్తున్నారేమో కనిపెట్టడానికి దీవులన్నింటా బానిసల రిజిస్టర్లు పెట్టారు. 1817 నుంచి 1834 వరకు నడిచిన ఆ రిజిస్టర్లను 2009లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. వాటిలో మనిషికి ఒక పేరు, వయస్సు, ఆఫ్రికాలో పుట్టాడా దీవిలో పుట్టాడా అన్న ముక్క. ఆ పేరు కూడా చాలామందికి యజమాని పెట్టినదే. సీజర్ అనీ పాంపే అనీ రోమను వీరుల పేర్లు వేళాకోళంగా తగిలించిన సందర్భాలు కొల్లలు.

1833లో బానిసత్వం రద్దు చట్టం వచ్చింది. నష్టపరిహారంగా బ్రిటిషు ప్రభుత్వం రెండు కోట్ల పౌండ్లు చెల్లించింది. బానిసలకు కాదు, వారి యజమానులకు! ఎవరెవరు ఎంతెంత పుచ్చుకున్నారో లండన్ యూనివర్సిటీ కాలేజీవారు పాత లెక్కలు వెదికి 2013 నుంచి అందరికీ కనిపించేలా పెట్టారు. ఆ చెల్లింపుల కోసం చేసిన అప్పు తాలూకు చివరి బాకీ 2015లో గాని తీరలేదట.

ఇక జమైకాలో థామస్ థిసిల్‌వుడ్ అనే తోట పెత్తందారు ఉండేవాడు. 1750లో ఆ దీవికి వచ్చి 1786లో పోయేవరకు దినచర్య రాశాడు. పుటలు దాదాపు పద్నాలుగు వేలు. వర్షం, విత్తనాలు, చదివిన పుస్తకాలు, కొరడా దెబ్బలు, బానిస స్త్రీల మీద తాను చేసిన అత్యాచారాలు, అన్నీ ఒకే చేతివ్రాతతో, ఒకే ప్రశాంతతతో రాసుకున్నాడు. ఆ రాతప్రతులు 2011 నుంచి అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు బైనెకీ గ్రంథాలయంలో ఉన్నాయి. ఆ తోటలోని మనుషుల నిత్యజీవితం గురించి ఇంత వివరంగా చెప్పే కాగితం వేరే లేదు. వారి సంగతి తెలియాలంటే వారిని హింసించిన వాడి దినచర్యే చదవాలి. ఇంతకన్న విషాదం ఏముంటుంది?

బార్బడోస్‌లో నడిచిన 'మెర్క్యురీ' పత్రికలో పారిపోయిన బానిసల ప్రకటనలు ఉంటాయి. పట్టిచ్చిన వారికి బహుమతి అంటూ యజమాని ఆ మనిషి ఒడ్డూ పొడుగూ, మాటతీరు, చేతిపని, మచ్చలు, ఎవరి దగ్గరకు వెళ్ళి ఉంటాడో కూడా రాస్తాడు. పట్టుకోవడానికి రాసిన ఆ వాక్యాలే ఈనాడు ఆ మనిషి ఉన్నాడనడానికి సాక్ష్యం. ఆ పత్రికను బ్రిటిష్ లైబ్రరీవారి అంతరించే పత్రాల పథకం కింద కంప్యూటర్ కెక్కించారు.

ఈ భూమిక ఎందుకు చెప్పానంటే, మన కూలీల కాగితాలు ఈ అలవాటులోంచే పుట్టాయి. గళ్ళు గీయడం, ఒంటిమీది మచ్చ రాసుకోవడం, ఇంటిపేరు అడగకపోవడం, ఇవన్నీ ముందే ఉన్న పద్ధతులు.

బానిసలకు పూర్తి విముక్తి 1838 ఆగస్టు 1న వచ్చింది. దానికి మూడు నెలల ముందే, మే 5న, విట్బీ, హెస్పెరస్ అనే రెండు ఓడలు 396 మంది భారతీయులను బ్రిటిష్ గయానాలో దించాయి. ట్రినిడాడ్‌కు ఫతల్ రజాక్ ఓడ 1845 మే 30న చేరింది. ఫ్రెంచివారి మార్టినిక్ దీవికి పుదుచ్చేరి నుంచి ఒరేలీ ఓడ 1853 మేలో చేరింది. మరుసటి ఏడాది క్రిస్మసు ముందురోజున అదే ఓడ గ్వాడెలూప్‌కు జనాన్ని మోసింది. 1917లో ఈ వలస ఆగిపోయే నాటికి గయానాకు సుమారు 2,39,000, ట్రినిడాడ్‌కు 1,44,000, గ్వాడెలూప్‌కు 42,000, జమైకాకు 36,000, సురినామ్‌కు 34,000, మార్టినిక్‌కు 25,000 మంది చేరారు. చిన్న దీవులను కూడా కలిపితే ఐదు లక్షలు దాటుతారు.

ఇక్కడ భాషాపండితుడిగా ఒక మాట. 'కూలి' అంటే మనకు చేసిన పనికి ఇచ్చే డబ్బు. అరవంలోనూ అంతే. పని చేసేవాడు కూలివాడు. తెల్లదొరలు 'వాడు'ను తీసివేసి కూలినే మనిషిని చేశారు. జీతం మిగిలింది, మనిషి పోయాడు. వ్యాకరణంలో ప్రత్యయలోపం అని చదువుకుంటాం గాని ఇంత క్రూరమైన ప్రత్యయలోపం నేను మరెక్కడా చూడలేదు.

గయానా, ట్రినిడాడ్, సురినామ్, ఫిజీ దేశాలలోని కూలీల రికార్డులను యునెస్కో 2011లో తన జాబితాలో చేర్చుకుంది. గయానావి జార్జ్‌టౌన్‌లో వాల్టర్ రాడ్నీ పేరిట ఉన్న జాతీయ భాండాగారంలో ఉన్నాయి. సురినామ్‌వి కథే వేరు. సరైన భవనం లేక ఆ దేశపు పాత కాగితాలను డచ్చివారు హాలండుకు తరలించారు. పరమారిబోలో కొత్త భవనం కట్టిన తరువాత 2009కీ 2017కీ మధ్య అవి విడతలుగా ఇల్లు చేరాయి. ఫ్రెంచి దీవులవి దక్షిణ ఫ్రాన్సులో, ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ ఊళ్ళోని సముద్రాంతర భాండాగారంలో ఉన్నాయి. మన వైపు మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలకు ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ పెద్దదిక్కు.

మరి వీటిలో తెలుగువారు ఎక్కడ? ఇదీ అసలు చిక్కు. గయానాకు వెళ్ళిన వారిలో అత్యధికులు కలకత్తా ఓడ ఎక్కినవారు. మద్రాసు ఓడ ఎక్కినవారు సుమారు 15,000. ట్రినిడాడ్‌కు మద్రాసు ఓడలు ప్రధానంగా 1860కి ముందు, మళ్ళీ 1905 తరువాత నడిచాయి. మద్రాసు ఓడ ఎక్కిన వారందరూ అక్కడ 'మద్రాసీ'లే. తమిళుడూ మద్రాసీ, తెలుగువాడూ మద్రాసీ. 'మద్రాసీలు తోటల్లో నిలవరు, పట్నాలకు పోతారు, తాగుతారు' అని తోటల యజమానులు అధికారులకు ఫిర్యాదులు రాశారు. వాటిని ఉన్నవి ఉన్నట్లు నమ్మితే మనవాళ్ళు సోమరులని తేలుతుంది. తిరగేసి చదివితే మరొకటి తేలుతుంది. ఆ తోటలో ఉండలేక, దారి దొరకగానే వెళ్ళిపోయారు. దొర దృష్టిలో అది నేరం. మన దృష్టిలో బతుకు.

పాత కాగితాలలో మనకు వేరే పేర్లు కూడా ఉన్నాయి. ఇంగ్లీషువారు పూర్వం తెలుగును 'జెంతూ' అన్నారు. ఫ్రెంచివారు మనల్ని 'తెలింగా' అన్నారు. బర్మాలో మనవాళ్ళు 'కోరంగీలు'. కోరంగి రేవులో ఓడ ఎక్కితే చాలు, ఏ ఊరివాడైనా కోరంగీయే. ఇదేమీ తెల్లవారి గుత్తసొత్తు కాదు. మా నాయనమ్మకు చినాన్న ఒకాయన ఉండేవాడట. అన్నతో పోట్లాడి సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఎక్కడికి అంటే 'రంగం' అనేది నాయనమ్మ. రంగం అంటే రంగూన్. ఆమె లెక్కలో సముద్రం దాటిన వాళ్ళందరూ రంగమే వెళ్ళారు. ఆయన నిజంగా రంగమే వెళ్ళాడో, నేటాల్ వెళ్ళాడో, ట్రినిడాడ్ వెళ్ళాడో చెప్పేవారు లేరు. వాళ్ళు మద్రాసీ అన్న ఒక్క మాటలో మనుషులను కలిపేసినట్లే, మనం రంగం అన్న ఒక్క మాటలో దేశాలను కలిపేశాం.

మారిషస్‌లో ఉగాది నేటికీ ప్రభుత్వ సెలవుదినం. దక్షిణాఫ్రికాలో 1931లోనే ఆంధ్ర మహాసభ ఏర్పడింది. అక్కడ మనుషులే జ్ఞాపకాన్ని మోశారు. కరీబియన్‌లో తెలుగు మాట నిలవలేదు. ఉన్న కొద్దిమందీ తమిళులలో, ఉత్తరాది వారిలో కలిసిపోయారు. అక్కడ మన జాడ కాగితం మీదనే ఉంది. కాగితం పోతే అదీ లేదు.

గోదావరి సీమ నుంచి జనం ఎందుకు కదిలారో తెలుసుకోవాలంటే ఆనకట్టకు ముందు కాలాన్ని తలచుకోవాలి. 1828లోనే యానాం నుంచి ఫ్రెంచివారు మనవాళ్ళను హిందూ మహాసముద్రంలోని రెయూనియన్ దీవికి చెరకు పనికి తీసుకుపోయారు. అది బానిసత్వం రద్దుకు ముందు మాట. తరువాత నాలుగేళ్ళకు నందన నామ సంవత్సరపు కరువు, 1832-33. 1839లో తుపాను కోరంగి రేవును ముంచేసింది. 1844లో హెన్రీ మాంట్‌గొమరీ అనే అధికారి రాజమహేంద్రవరం జిల్లా దుస్థితి మీద నివేదిక ఇచ్చాడు. 1821లో ఏడు లక్షలు దాటిన జిల్లా జనాభా ఆ తరువాతి రెండు దశాబ్దాలలో బాగా తగ్గిపోయింది. చచ్చినవారు చావగా, వలస పోయినవారు పోయారు. ఆ నివేదిక తరువాతనే కాటన్ దొర పథకం ముందుకు కదిలి, 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది.

కాలువలు వచ్చాక డెల్టా అన్నపూర్ణ అయింది. తరువాత ఓడలెక్కిన తెలుగువారిలో విశాఖ, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాలవారు ఎక్కువ. మన కడుపు నిండింది గనుక ఓడెక్కిన వారిని మరచిపోవడం మనకు సులువైందని నా ఊహ. ఏటా కాటన్ దొర విగ్రహానికి దండ వేస్తాం. అంతకు ముందు వెళ్ళిపోయిన వారికీ, ఆనకట్ట వచ్చాక కూడా సెంటు భూమి లేక వెళ్ళిపోయిన వారికీ మనవద్ద ఒక పేరైనా లేదు.

ఇక చీటీ దగ్గరకు వస్తాను.

జిల్లా 'కిస్ట్నా' అని ఉండటంతో ఆ కుటుంబంవారు కృష్ణాతీరమే తమ స్వస్థలమనుకున్నారు. కొన్నేళ్ళ క్రితం వారి బంధువొకాయన విజయవాడ వచ్చి, 'పెన్' అనే అక్షరాలు పట్టుకుని పెనమలూరు, పెనుగంచిప్రోలు తిరిగి, ఏమీ తేలక వెళ్ళిపోయాడట. పాపం, ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. మనవాళ్ళలోనే చాలామందికి తెలియదు. 1904లో జిల్లాలను మార్చినప్పుడు ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం తదితర తాలూకాలను గోదావరి జిల్లా నుంచి తీసి కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడేవరకు గోదావరి పడమటి గట్టు మనుషులు కాగితాల మీద కృష్ణా జిల్లావారే. చీటీ మీది తేదీ సరిగ్గా ఆ మధ్యకాలానిది. తాలూకా 'టీ'తో మొదలైతే అది తణుకు కావచ్చు. కృష్ణాలోనే తిరువూరు కూడా ఉంది గనుక అదీ కావచ్చు.

'పెన్' అనే అక్షరాలతో మా చుట్టుపక్కల ఎన్ని ఊళ్ళో చూడండి. మా నిడదవోలును ఆనుకుని పెండ్యాల. అటు పెంటపాడు. ఇటు పెనుగొండ. ఆ పైన పెనుమంట్ర. గుమాస్తా తమిళుడో ఇంగ్లీషువాడో తెలియదు. సున్న ఎక్కడ వినిపించిందో, దాన్ని ఏ అక్షరంతో రాశాడో తెలియదు. ఊరి పేర్లు చెడటం వింత కాదు లెండి. మా ఊరే ఒకప్పుడు నిరవద్యప్రోలు, నిరవద్యపురం. నిందలేని ఊరు అని అర్థం. జనం నోట నలిగి నలిగి నిడదవోలు అయింది. కాని జనం నోట మారడానికి కొన్ని వందల ఏళ్ళు పట్టింది. గుమాస్తా కలానికి ఒక్క నిమిషం చాలు. పైగా జనం మార్చిన పేరుకు ఊరు అక్కడే ఉంటుంది. గుమాస్తా మార్చిన పేరుకు ఊరే దొరకదు.

ఇంటిపేరు ఉంటే ఈ చిక్కు విడిపోయేది. ఇంటిపేరు, ఊరు తెలిస్తే తెలుగునాట వంశం పట్టుకోవడం పెద్ద పని కాదు. కాని ఆ చీటీలో ఇంటిపేరుకు గడి లేదు. తండ్రి పేరుకు ఉంది, కులానికి ఉంది, మోకాలి మీది మచ్చకు ఉంది.

"మాస్టారూ, పెనుగొండ అని చెప్పేద్దామండీ. వాసవీ కన్యకాపరమేశ్వరి ఊరు కదా, ఆవిడ సంతోషిస్తుంది. ఎనభై ఏళ్ళు దాటాయి, ఇక ఎన్నాళ్ళుంటుందో" అన్నాడు శిష్యుడు ఫోనులో. వాడి మనసు మంచిదే. నాకూ ఒక క్షణం అలాగే అనిపించింది. కాని ఒప్పుకోలేకపోయాను. "నాయనా, ఒక గుమాస్తా నిర్లక్ష్యంగా రాసినందుకే వాళ్ళు నాలుగు తరాలు వెదుక్కుంటున్నారు. దాని మీద నేనొక అబద్ధం రాస్తే వాళ్ళ మనవలు అదే నిజమని పట్టుకుంటారు. తణుకు ప్రాంతం కావచ్చునని చెప్పు. నాలుగు ఊళ్ళ పేర్లూ చెప్పు. తేల్చలేకపోయానని కూడా చెప్పు" అన్నాను.

అంతకన్న కష్టమైన ప్రశ్న మనిషి పేరు గురించి. ఆ పేరును ఇక్కడ రాయను, అది ఆ కుటుంబానిది. దాని చివర 'గాడు' అని ఉంది. కాలక్రమాన అదే వారి ఇంటిపేరుగా స్థిరపడింది. దాని అర్థమేమిటని ఆవిడ అడిగింది. గొప్ప బిరుదేమో అనుకుందట.

తెలుగు తెలిసిన వారికి ఈ ముక్క వివరించనక్కరలేదు. 'గారు' అనిపించుకునే వారు కొందరు, 'గాడు' అనిపించుకునే వారు కొందరు. ఆ మనిషిని డిపోలో పేరేమిటని అడిగినప్పుడు, తన ఊళ్ళో తనను ఎలా పిలిచేవారో అలాగే చెప్పి ఉంటాడు. గుమాస్తా విన్నది రాశాడు. జార్జ్‌టౌన్‌లో గాని, పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో గాని ఎంతటి పరిశోధకుడికైనా ఆ రెండక్షరాలు వట్టి శబ్దమే. మనకు మాత్రం ఆ రెండక్షరాలలో ఒక ఊరి వీధులన్నీ కనిపిస్తాయి. ఎవరు అరుగు మీద కూర్చున్నారు, ఎవరు చెప్పులు చేతపట్టుకుని నడిచారు, అంతా కనిపిస్తుంది. తోటల యజమానుల క్రౌర్యం గురించి ఇన్ని నెలలు చదివి ఆవేశపడిన నేను ఇక్కడికి వచ్చేసరికి కలం కింద పెట్టాను. ఆ పేరు బానిసల యజమాని పెట్టింది కాదు. మనం పెట్టింది.

రెండు రోజులు ఆలోచించి, ఉన్నది ఉన్నట్లు రాసి పంపాను. ఆ పేరులో మొదటి భాగం గ్రామదేవత పేరు, రెండవ భాగం పెద్దకులాలవారు చిన్నచూపుతో తగిలించేది అని. ఆవిడ ఏమనుకుంటుందో అని బెంగగానే ఉంది. వారానికి జవాబు వచ్చింది. ఒకే ప్రశ్న. "మర్యాదగా పిలిస్తే ఆయనను ఏమనేవారు?"

తెల్లకాగితం మీద ఆ దేవత పేరు, చివర 'గారు' చేర్చి, గుండ్రని అక్షరాలతో రాసి, ఫొటో తీయించి పంపాను. నలభై ఏళ్ళు నల్లబల్ల మీద రాశాను గాని, ఇంత శ్రద్ధగా అక్షరాలు దిద్దిన గుర్తు లేదు.

గయానాలో బేచూ అనే ఒప్పంద కూలీ ఉండేవాడు. బెంగాలు నుంచి 1894లో వెళ్ళాడు, ఇంగ్లీషు నేర్చినవాడు. 1896 నుంచి అక్కడి పత్రికలకు తోటల అన్యాయాల మీద లేఖలు రాశాడు. 1897లో వచ్చిన రాయల్ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పాడు. క్లెమ్ సీచరన్ అనే చరిత్రకారుడు ఆ లేఖలను సేకరించి 1999లో పుస్తకంగా తెచ్చాడు. గయూత్రా బహదూర్ అనే రచయిత్రి 1903లో కలకత్తా నుంచి గర్భవతిగా, ఒంటరిగా ఓడెక్కిన తన ముత్తవ్వ చీటీ పట్టుకుని వెదుకుతూ 2013లో ఒక గ్రంథమే రాసింది. కాగితం తనంతట తాను మాట్లాడదు. చదివేవారు ఉండాలి. భోజ్‌పురి సీమవారి చీటీలు చదవడానికి మనుషులు పుట్టుకొచ్చారు. మన చీటీలు చదవడానికి తెలుగు తెలిసిన వారు కావాలి. 'పెన్' తరువాత సున్న ఉందో లేదో, 'గాడు' అంటే ఏమిటో, 'కిస్ట్నా' ఏ ఏళ్ళలో తణుకు దాకా వచ్చిందో చెప్పవలసింది మనమే.

వ్యవధి కూడా ఎక్కువ లేదు. 2024 జూన్‌లో బార్బడోస్ ఆర్కైవ్స్ ఆవరణలో ఒక భవనం నిప్పంటుకుని కాలిపోయింది. అందులోని కాగితాలు మళ్ళీ రావు. ఇంత దూరం ఎందుకు, మా వీధిలో సంగతే చెబుతాను. 1984లో కరణీకాలు రద్దయిన తరువాత ఒక పెద్దాయన ఇంటి అటక మీద పాత దఫ్తరాల మూటలు ఉండిపోయాయి. ఏ భూమి ఎవరిది, ఎవరు ఊరొదిలి పోయారు అన్న వివరాలన్నీ ఉండేవి వాటిలో. ఇల్లు పడగొట్టే రోజున వెళ్ళి చూస్తే చెదపురుగులు తినగా మిగిలింది చేతిలో పొడి అయింది. ముందే అడిగి ఉండవలసింది. రోజూ ఆ ఇంటి మీదుగానే బడికి వెళ్ళేవాడిని.

అందుచేత మిత్రులకు ఒక విన్నపం. మీ ఇళ్ళలో సముద్రం దాటివెళ్ళి తిరిగిరాని మనిషి గురించి ఏ చిన్న మాట వినిపించినా రాసిపెట్టండి. పెద్దవాళ్ళు 'రంగం' అంటే అక్కడితో ఆగకుండా ఏ రేవు, ఏ కరువు, ఎవరితో వెళ్ళాడు, ఒంటిమీద ఏ మచ్చ ఉండేది అని అడగండి. ఆ మచ్చ అక్కడ ఒక గడిలో రాసి ఉండవచ్చు. ఇక్కడ మాట, అక్కడ కాగితం ఒకచోటికి చేరితేనే మనిషి దొరుకుతాడు.

మా నాయనమ్మ చినాన్నగారి ఎడమ చేతికి ఆరో వేలు ఉండేదట. నాకు తెలిసింది అంతే. పేరు కూడా నాయనమ్మ ఎప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదు.

స్వస్తి.